శాంతి మాస్‌లో కవాతు అడుగులు

శాంతి కోసం రాసిన గంటకు పైబడ్డ సంగీతం విన్నాక, రెండ్రోజుల పాటు నోట్లో మెదిలేది అందులోని యుద్ధం పాటే అయితే దాన్ని ఏమనాలి? కార్ల్ జెంకిన్స్ ‘ది ఆర్మ్‌డ్ మ్యాన్: ఎ మాస్ ఫర్ పీస్’ విషయంలో నాకు ఎప్పుడూ ఇదే అవుతుంది. విన్న స్నేహితులకీ ఇదే అయింది. చెల్లో మీద వచ్చే ఆ ప్రసిద్ధమైన ‘బెనెడిక్టస్’ని అందరూ మెచ్చుకుంటారు, కళ్ళు తుడుచుకుంటారు. కూరగాయలు తరుగుతూ మాత్రం మొదటి భాగంలోని కవాతు పాటనే కూనిరాగం తీస్తారు. ఇది ఆ రచనలోని లోపమా, అసలు సంగతే అదా అన్నది చాన్నాళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న. జవాబు మాటల్లో కన్నా టెంపోలోనూ, కీలోనూ దొరుకుతుందని నా అనుమానం.

ముందు కొంచెం పరిచయం. జెంకిన్స్ 1944లో వేల్స్‌లో పుట్టాడు. ‘సాఫ్ట్ మెషీన్’ అనే రాక్-జాజ్ బృందంలో వాయించాడు, తర్వాత ప్రకటనల సంగీతం చేశాడు. ఒక విమానాల కంపెనీ ప్రకటన నుంచి ‘ఆడీమస్’, ఒక వజ్రాల కంపెనీ ప్రకటన నుంచి ‘పల్లాడియో’ పుట్టాయి. 1999లో ఆయన దగ్గరికి ఈ పని తెచ్చింది బ్రిటన్‌లోని రాయల్ ఆర్మరీస్. అంటే ఆయుధాల మ్యూజియం. కత్తులూ కవచాలూ తుపాకులూ దాచిపెట్టే సంస్థ కొత్త సహస్రాబ్ది వస్తోందని శాంతి సంగీతం రాయించింది! అప్పుడు ఆ మ్యూజియం అధిపతిగా ఉన్న గై విల్సన్ పాఠాలు ఎంపిక చేశాడు. రాస్తుండగానే కొసావోలో మనుషులు చస్తున్నారు, అందుకే రచనను కొసావో బాధితులకు అంకితమిచ్చారు. 2000 ఏప్రిల్ 25న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో మొదటి ప్రదర్శన. సీడీ బయటికొచ్చింది 2001 సెప్టెంబర్ 10న. ఆ మర్నాడు ఏమైందో చెప్పక్కర్లేదు.

మాస్ అంటే మన థియేటర్ల మాస్ కాదులెండి. కాథలిక్ ఆరాధనలో పాడే కిరియే, సాంక్టస్, ఆగ్నుస్ డేయి, బెనెడిక్టస్ వగైరా లాటిన్, గ్రీకు పాఠాల వరస. ఐదారు వందల ఏళ్ళుగా యూరప్ సంగీతకారులు ఆ వరసకు స్వరాలు కడుతూనే ఉన్నారు. జెంకిన్స్ ఆ చట్రం తీసుకుని మధ్యమధ్యలో వేరే గొంతులు దూర్చాడు: ఒక అజాన్, కిప్లింగ్ పద్యం, డ్రైడెన్, స్విఫ్ట్, హిరోషిమా కవి ఒకాయన, టెన్నిసన్, ఇంకా మన మహాభారతం. మొత్తం పదమూడు భాగాలు.

మొదటి భాగం వినండి. దూరం నుంచి అడుగుల చప్పుడు, డ్రమ్ము, పైన పిల్లనగ్రోవుల్లాంటి సన్నటి పికలోలు. తర్వాత కోరస్ అందుకుంటుంది. ఆ బాణీ జెంకిన్స్‌ది కాదు. పదిహేనో శతాబ్దపు ఫ్రెంచి పాట, ‘లోమ్ ఆర్మే’, అంటే ఆయుధధారి. వాణ్ణి చూసి భయపడాలి, అందుకని అందరూ ఇనప కవచాలు తొడుక్కోండి అని దాని సారాంశం. విచిత్రమేమిటంటే, ఈ యుద్ధపాటను ఆధారం చేసుకుని దుఫే, జోస్కన్, పాలెస్ట్రీనా లాంటి వాళ్ళు నలభైకి పైగా మాస్‌లు రాశారు. గుడిలో ప్రార్థన లోపల సిపాయి పాట! జెంకిన్స్ కొత్తగా చేసిందల్లా, లోపల దాక్కున్న ఆ సిపాయిని ముందుకు తెచ్చి నడిపించడం.

దాని వేగం మనిషి నడవగలిగిన వేగం. అంతకంటే ముఖ్యంగా, నలుగురూ కలిసి నడవగలిగిన వేగం. సైన్యాల మామూలు కవాతు నిమిషానికి 116 నుంచి 120 అడుగుల దాకా ఉంటుంది. మన గుండె కాస్త ఉత్సాహపడినప్పుడు కొట్టుకునే లెక్క కూడా దగ్గర దగ్గర అదే. అందుకే డ్రమ్ము మొదలవగానే కాలి బొటనవేలు దానంతట అది కదులుతుంది. మన అనుమతి అడగదు. బాణీ చూస్తే మైనర్ ఛాయలో ఉంది. పాశ్చాత్యులు డోరియన్ అనే పాత మోడ్ అది, మన లెక్కలో ఖరహరప్రియ స్వరాలు. మైనర్ అంటే బాధ, మేజర్ అంటే సంతోషం అన్న సూత్రం ఇక్కడే చిరిగిపోతుంది. ఈ పాటలో సాధారణ గాంధారం ఉంది, ఏడుపు మాత్రం ఎక్కడా లేదు. ఉన్నది పొగరు.

ఈ మైనర్-మేజర్ సూత్రం మనలో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, సినిమాల్లో ‘శివరంజని’ అనగానే కన్నీళ్ళు సిద్ధం చేసుకుంటాం. కానీ ఒక స్వరానికి మూడ్ అంటూ విడిగా ఉండదు. అది ఏ వేగంలో వచ్చింది, ఎంతమంది గొంతుల్లో వచ్చింది, కింద డ్రమ్ము ఉందా లేదా అన్నవి కలిస్తేనే మూడ్. అదే ఖరహరప్రియ స్వరాలను విలంబంలో ఒక్క గొంతుతో పాడించి చూడండి, పొగరు పోయి బెంగ వస్తుంది. జెంకిన్స్‌కి ఇది బాగా తెలుసు. ముప్ఫై సెకన్లలో ఒక మూడ్ అమ్మగలిగిన ప్రకటనల మనిషి కదా. ఆ మాటను కొందరు విమర్శకులు తిట్టుగా వాడతారు. నేను తిట్టుగా అనడం లేదు. యుద్ధాన్ని కూడా ఎవరో ఒకరు అమ్మాలి, అమ్మేటప్పుడు సంగీతమే ముందు నడుస్తుంది. ఆ పని ఎలా జరుగుతుందో లోపలి నుంచి తెలిసినవాడు దాన్ని బయటపెట్టగలడు.

రెండో భాగంలో అజాన్. ఆర్కెస్ట్రా లేదు, కోరస్ లేదు, తాళం అసలే లేదు. కవాతు తర్వాత అడుగులకు అందని ఒక్క గొంతు. తర్వాత కిరియే వస్తుంది, మధ్యలో పాలెస్ట్రీనా పద్ధతిని గుర్తుచేసే గొంతుల అల్లికతో. బాగుంది, అంతకంటే చెప్పడానికి లేదు. నాలుగో భాగంలో మగవాళ్ళు పాత మఠాల పద్ధతిలో కీర్తన పాడుతుంటే చివర్లో డ్రమ్ము మీద ఒకే ఒక్క దెబ్బ, తుపాకీ పేలినట్టు. సాంక్టస్‌లో దేవుణ్ణి స్తుతిస్తున్న మాటల కింద యుద్ధం డప్పులు. ఆరో భాగంలో కిప్లింగ్ 1896 నాటి ప్రార్థన: చచ్చే ముందు దేవుడి బలం అడిగే సామ్రాజ్యపు సైనికుడి గొంతు. గమనించారా, ఒక్కో భాగంలో డ్రమ్ము కొంచెం కొంచెంగా దగ్గరికి జరుగుతోంది. టెంపో పెద్దగా పెరగకుండానే ఒత్తిడి పెరుగుతుంది.

ఏడో భాగం, ‘ఛార్జ్!’. ట్రంపెట్ల మోత. డ్రైడెన్ 1687లో సంగీతాన్ని పొగుడుతూ రాసిన పద్యంలోంచి, ట్రంపెట్ మనిషిని ఎలా రెచ్చగొడుతుందో చెప్పే ముక్క తీసుకున్నారు. సంగీతం సంగీతం గురించే సాక్ష్యం చెబుతోందన్న మాట. దానికి జోడుగా, దేశం కోసం చచ్చేవాడు ధన్యుడన్న హోరేస్ మాట, స్విఫ్ట్ అనువాదంలో. ఆ మాటే పెద్ద అబద్ధమని మొదటి ప్రపంచ యుద్ధంలో విల్‌ఫ్రెడ్ ఓవెన్ తేల్చేశాడు. ఇక్కడ మాత్రం దాన్ని ఆడగొంతులు తీయగా పాడతాయి. ఆ తీపి నాకు ట్రంపెట్ల కన్నా భయంకరంగా అనిపిస్తుంది. చివరికి స్వరాలన్నీ విరిగిపోయి కోరస్ అరుపులోకి జారుతుంది. కీ లేదు, శ్రుతి లేదు. గాయకులు నిజంగానే కేకలు పెడతారు. ఆపైన నిశ్శబ్దం. దగ్గర దగ్గర అర నిమిషం.

హాల్లో ఆ అర నిమిషం ఎలా ఉంటుందో ఊహించుకోవాల్సిందే. నేను విన్నదంతా హెడ్‌ఫోన్స్‌లోనే. మెట్రోలో విన్నప్పుడు ఆ ఖాళీలోకి ‘తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి’ వచ్చింది. డబ్బులు కట్టని యాప్‌లో విన్నప్పుడు బిర్యానీ ప్రకటన వచ్చింది. ఆ రెండు చోట్లా కూడా నిశ్శబ్దం తన పని చేసింది. కాలు ఇంకా ఊగుతూనే ఉంటుంది, ఊగడానికి కింద ఏమీ ఉండదు. ఏడు భాగాలుగా మన ఒంట్లోకి ఎక్కించిన వేగాన్ని ఒక్కసారిగా లాగేశాక, మనం ఎవరితో కలిసి నడుస్తున్నామో అప్పుడు తెలుస్తుంది. తర్వాత ఒంటరి ట్రంపెట్ మీద ‘లాస్ట్ పోస్ట్’, సైనికుల అంత్యక్రియల్లో ఊదే బాణీ.

నా దృష్టిలో అసలు రచన ఇక్కడ మొదలవుతుంది. ఎనిమిదో భాగానికి మాటలు తోగే సాంకిచీవి. 1917లో పుట్టి, హిరోషిమా బాంబు దాడిలో బతికి బయటపడి, 1953లో చనిపోయిన కవి. ఆ భాగమంతా గంట మోగుతున్నట్టు మెల్లగా, విడివిడి గొంతుల్లో నడుస్తుంది. దాని పక్కనే తొమ్మిదో భాగం, ‘టార్చెస్’. ఇది ఆదిపర్వంలోని ఖాండవ దహనం.

మొదటిసారి మాటలు చదువుకుంటూ విన్నప్పుడు నేను ఆగిపోయింది ఇక్కడే. హిరోషిమాకీ మహాభారతానికీ ముడి అనగానే ప్రపంచమంతా ఓపెన్‌హైమర్‌నీ గీతనీ తల్చుకుంటుంది. విల్సన్ గీత జోలికి పోలేదు. బాంబు చేసినవాడి తలలో మెదిలిన శ్లోకాన్ని కాకుండా, కాలిపోయిన వాటి కథను తీశాడు. అడవి నలువైపులా అంటుకుంది, జంతువులు అరుస్తూ పరిగెత్తుతున్నాయి, పిల్లల్ని వదల్లేక కావలించుకునే చచ్చిపోతున్నాయి. కోరస్ ఈ వర్ణనను పెద్ద ఆర్భాటం లేకుండా, దాదాపు చదివినట్టు పాడుతుంది. మాటకో స్వరం. రాగాలు తీయడం లేదు, అలంకారం లేదు. కవాతులో మనల్ని ఊపినవాడు, ‘ఛార్జ్!’లో అరిపించినవాడు, ఇక్కడ గొంతు తగ్గించాడు. వార్త చదివే మనిషి గొంతు వణకకుండా జాగ్రత్తపడుతున్నట్టుంటుంది.

ఇక్కడ ఇంగ్లిష్ శ్రోతకూ మనకూ తేడా ఉంది. ఆ పాఠంలో నిప్పు ఎవరు పెట్టారో లేదు. అడవి కాలుతోంది, అంతే. లీడ్స్‌లోనో కార్డిఫ్‌లోనో కూర్చుని వినేవాళ్ళకు అది ఎక్కడో తూర్పుదేశపు ప్రాచీన దుఃఖం. మనకు మాత్రం ఆ ఖాళీలో ఎవరున్నారో తెలుసు. శ్వేతకి యాగంలో పన్నెండేళ్ళు నెయ్యి తాగి అజీర్తి చేసిన అగ్నిదేవుడు, ఆయన ఆకలి తీర్చడానికి అడవికి అటొకరూ ఇటొకరూ రథాలెక్కి నిలబడ్డ కృష్ణార్జునులు. తప్పించుకోబోయిన ప్రతి ప్రాణినీ బాణంతోనో చక్రంతోనో కొట్టి మంటల్లోకి పడేసిన వీరులు. గాండీవం అర్జునుడికి దక్కింది ఈ సందర్భంలోనే. బతికి బయటపడ్డవి ఆరు ప్రాణాలు: తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు. ఆ మయుడే తర్వాత మయసభ కట్టిపెట్టాడు. చిన్నప్పుడు మనం ఈ కథ విన్నది వీరగాథగా. నన్నయ ఆదిపర్వం ముగిసేదీ దీనితోనే. ఇరావతీ కర్వే ‘యుగాంత’లో ఈ దహనాన్ని నిలదీసేదాకా, అడవిలో ఉన్నవాళ్ళ వైపు నుంచి దీన్ని చూడాలని నాకు తట్టనే లేదు.

జెంకిన్స్, విల్సన్‌లు ఆ వీరుల్ని కథలోంచి తీసేశారు. దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. ఒకటి, కత్తిరింపు వల్ల నేరం ఎవరిదో మాయమైపోయింది, దుఃఖం మాత్రమే మిగిలింది. శాంతి గురించి మాట్లాడే కళలో తరచూ జరిగే మోసం ఇదే. అందరూ బాధితులే, ఎవరూ కొట్టలేదు. హిరోషిమా పక్కన పెట్టేసరికి ఇది ఇంకా ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే ఆ నిప్పు కూడా ఎవరో ఒకరు పెట్టిందే, పెట్టినవాళ్ళకు పేర్లూ జెండా ఉన్నాయి. ఇంకో రకంగా చూస్తే, వీరుల్ని తీసేయడం వల్లే ఆ జంతువులు మొదటిసారి కథకు కేంద్రమయ్యాయి. అర్జునుడు తెరమీద ఉన్నంతసేపూ మన కళ్ళు అర్జునుడి మీదే ఉంటాయి కదా. నేను రెండో వైపు మొగ్గుతాను. తెలుగు శ్రోతగా నాకొక అదనపు సౌకర్యం ఉంది. తీసేసిన పేర్లు నాకు తెలుసు. మొదటి భాగంలో కాలు ఊపింది కూడా నేనే. కవాతు చేసిన అడుగులు ఖాండవం అంచున నిలబడ్డ రథాల దాకా వచ్చాయని నాకు వినబడుతుంది. గై విల్సన్ అంతదూరం ఆలోచించాడని చెప్పలేను, కానీ పాఠాల వరస ఆ దారి తెరిచే ఉంచింది.

ఈ రెండు భాగాల తర్వాత వచ్చే ఆగ్నుస్ డేయి మెత్తటి విరామం. పదకొండోది, యుద్ధం నుంచి బతికొచ్చినవాడి అపరాధ భావం మీద విల్సన్ తనే రాసిన మాటలు. ఒంటరి గొంతు, మెల్లటి వేగం. ఆ తర్వాత ‘బెనెడిక్టస్’.

దీని గురించి చెప్పాలంటే నాకు కొంచెం మొహమాటంగానే ఉంది, ఎందుకంటే ఇది ఇష్టపడని మనిషి నాకింకా తగల్లేదు. చెల్లో మొదలవుతుంది. మేజర్, మన శంకరాభరణపు వెలుగు. ఊపిరి తీసి వదిలేంత నిదానం. రెండు నిమిషాల పాటు చెల్లో ఒక్కటే దారి చూపించాక కోరస్ వచ్చి అదే బాణీ అందుకుంటుంది. మధ్యలో ‘హొసాన్నా’ అని ఒక్కసారిగా పెద్ద ఉప్పెన, మళ్ళీ పల్చబడి చెల్లో. నిర్మాణం మీద ఫిర్యాదేం లేదు. బ్రిటన్‌లో రేడియోల్లోనూ అంత్యక్రియల్లోనూ ఈ ముక్కను విడిగా వేస్తారు, విడిగా వింటే నిజంగా ఓదార్పే.

నా పేచీ దాని స్థానంతో. ఖాండవం కాలి పది నిమిషాలు కూడా కాలేదు. అప్పుడే ఇంత నిశ్చింతగా, ఒక్క స్వరం కూడా తడబడకుండా మేజర్ వస్తే, నన్నెవరో భుజం తట్టి ‘ఊరుకో ఊరుకో’ అంటున్నట్టుంటుంది. అసలు ఓదార్చాల్సింది నన్ను కాదు కదా! ఇదే సమస్యను బెంజమిన్ బ్రిటెన్ ‘వార్ రిక్వియమ్’లో ఎలా పట్టుకున్నాడో చూడండి. 1962 మే 30న, యుద్ధంలో బాంబులకు కూలి తిరిగి కట్టుకున్న కొవెంట్రీ కెథీడ్రల్లో దాని తొలి ప్రదర్శన జరిగింది. లాటిన్ పాఠం మధ్యలో ఓవెన్ పద్యాలు తొమ్మిది. రచన పొడుగునా రెండు స్వరాలు వెంటాడతాయి, సి, ఎఫ్ షార్ప్. షడ్జం పక్కన ప్రతి మధ్యమం, మధ్యలో పంచమం లేకుండా. ఎటు వెళ్ళాలో తెలియని జంట అది. మూడు చోట్ల మాత్రం కోరస్, వాద్యాలేమీ లేకుండా, అతి మెల్లగా ఎఫ్ మేజర్లోకి దిగి ఆగుతుంది. శాంతి దొరికినట్టే ఉంటుంది, కానీ మునుపటి గంటల మోత చెవిలోంచి పోదు కాబట్టి ఆ మేజర్‌ని నమ్మాలా వద్దా తెలీదు. బ్రిటెన్ మేజర్‌ని అనుమానంతో ఇస్తాడు. జెంకిన్స్ అనుమానం లేకుండా ఇచ్చేస్తాడు.

అలాగని బ్రిటెన్ గొప్ప, జెంకిన్స్ తక్కువ అని తీర్పు చెప్పి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. ‘వార్ రిక్వియమ్’ పాడాలంటే గట్టి శిక్షణ ఉన్న బృందాలు కావాలి. ‘ది ఆర్మ్‌డ్ మ్యాన్’ని ఊళ్ళలోని ఔత్సాహిక బృందాలు పాడుకుంటాయి. టీచర్లు, నర్సులు, రిటైరైన గుమాస్తాలు వారానికో సాయంత్రం చేరి నేర్చుకుంటారు. వినేవాడికి బెనెడిక్టస్ తేలిగ్గా దొరికిన ఓదార్పు కావచ్చు. గంటసేపు నిలబడి కవాతూ అరుపూ మంటా తన గొంతుతోనే పాడి వచ్చినవాడికి అది కాస్త కూర్చునే చోటు. ఆ తేడా వల్లే నా పేచీ సగం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

చివరి భాగం మాట చెప్పాలి. ‘బెటర్ ఈజ్ పీస్’. యుద్ధం కన్నా శాంతి మేలు అన్న మాట, మాలరీ రాసిన ఆర్థర్ రాజు కథల్లోంచి. ఆ మాటను ఏ బాణీలో పెట్టాడంటే, మొదటి భాగంలోని ఆ ఆయుధధారి పాటలోనే. అదే ఊపు, అదే డ్రమ్ము. పాత ఫ్రెంచి మాటలు కూడా మధ్యలో తొంగి చూస్తాయి. తర్వాత టెన్నిసన్ గంటలు, పల్లెపాటలా గంతులేసే వాద్యాలు, పండగ. మొదట్లో అడిగిన ప్రశ్నకు ఇక్కడొక జవాబు దొరికింది నాకు. కవాతు పాట నోట్లో మిగిలిపోవడం పొరపాటున జరిగింది కాదు, ఆయనే మిగిల్చాడు. శాంతికి వేరే బాణీ ఏదీ సిద్ధంగా లేదు, ఉన్నదానికే మాటలు మార్చి పాడుకోవాలి. దీన్ని ఆశ అనుకునేవాళ్ళున్నారు. నాకు మాత్రం వినగానే కాలు మళ్ళీ కదిలింది, కదలగానే కొంచెం భయమేసింది.

పండగ అయ్యాక ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోతుంది. ప్రకటన గ్రంథంలోంచి, కన్నీళ్ళు తుడవడం గురించిన వాక్యాన్ని కోరస్ ఒక్కటే, వాద్యాల్లేకుండా, చాలా మెల్లగా పాడుతుంది. ఆ వేగానికి అడుగు వేయడం కుదరదు. నేను ప్రయత్నించి చూశాను, ఒక పాదం గాల్లో ఉండగానే స్వరం సాగుతూ ఉంటుంది. వినాలనుకునేవాళ్ళు పదమూడింటినీ వరసగా, మాటలు ఎదురుగా పెట్టుకుని వినండి. తీరిక లేకపోతే ఏడు నుంచి తొమ్మిది దాకా వినండి. ఒక్కటే వింటామంటే తొమ్మిదోది. బెనెడిక్టస్ ఎలాగూ ఎక్కడో ఒకచోట దానంతటదే మీ చెవిన పడుతుంది.